మీ ఊరి చిరునామా చెప్తారా?

హైదరాబాద్ నుంచి స్పితి లోయలోని హిక్కిమ్ దాకా నలుగురు స్నేహితులు, ఒక పాత కారు, వంద పోస్టుకార్డులు

"పోస్టుకార్డులా? ఏం పోటీకండీ?" అని అడిగింది కౌంటరులో అమ్మాయి.

పోటీ ఏం లేదన్నాం. అయితే అర్జీలా అంది. ఏదో ఉద్యమం వచ్చి జనమంతా కట్టగట్టుకుని ముఖ్యమంత్రికి కార్డులు రాస్తే తప్ప ఇన్నేసి అడిగేవాళ్లు లేరట. "ఉత్తరాలు రాసుకోవడానికేనమ్మా" అన్నాడు మా బ్యాంకు. ఆ అమ్మాయి మా నలుగురి నెరిసిన తలల కేసి ఒకసారి చూసి, లోపలికెళ్లి, బీరువా అడుగు అరలోంచి రబ్బరుబ్యాండు వేసిన కట్ట తీసి దుమ్ము దులిపింది. వంద కార్డులు, యాభై రూపాయలు. హైవే మీద నలుగురం ఒక విడత టీ తాగితే అంతకన్నా ఎక్కువే అవుతుంది.

మేం నలుగురం విజయనగరంలో ఇంటర్మీడియట్ దాకా ఒకే బెంచీ. ఇప్పుడు అరవైకి కాస్త అటూ ఇటూ. పేర్లు వేస్తే ఇళ్లలో ఊరుకోరు కనుక వృత్తులతోనే సరిపెడతాను: డాక్టరు, లెక్కల మాస్టారు, బ్యాంకు, నేను. బ్యాంకు ఈ మధ్యే రిటైరయ్యాడు. తన ఉద్యోగం గురించి వాడెప్పుడూ గొప్పలు పోలేదు. వాడి గొప్పంతా వాళ్ల నాన్నగారు రాజాం దగ్గర ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేయడం. ఇంటి వసారాలోనే పోస్టాఫీసు. రోజూ పొద్దున్నే తేదీ ముద్రలోంచి నిన్నటి అచ్చులు గుండుసూదితో పైకి లేపి, ఇవాళ్టివి బిగించడం చిన్నప్పుడు వాడి పని. ఆ సంగతి మొదలెడితే కారు ఆదిలాబాద్ దాటేదాకా ఆపడు.

కార్డుల ఊహ మాత్రం డాక్టరు కూతురిది. ఆ అమ్మాయి పోస్ట్‌క్రాసింగ్‌లో ఉంది. 2005లో పావులో మగల్హాయిష్ అనే పోర్చుగల్ కుర్రాడు సరదాగా మొదలెట్టిన వ్యవహారం అది. చిరునామా కావాలంటే ముక్కూ మొహం తెలియని ఒకరిది ఇస్తారు, ఆ మనిషికి కార్డు రాయాలి. చేరిందని వాళ్లు నమోదు చేశాక మన చిరునామా ప్రపంచంలో ఇంకెవరికో వెళుతుంది. మనం రాసినవాళ్లు మనకి రాయరు, మనకి రాసేవాళ్లు వేరే. మాస్టారికి ఈ లెక్క తెగ నచ్చింది. "అప్పు ఒకడికిచ్చి ఇంకొకడి దగ్గర వసూలు చేసుకోవడం" అన్నాడు. బ్యాంకుకి ఒళ్లు మండింది.

మా ఏర్పాటు ఇంకా మోటుది. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరానికి పోతాం. దారిలో ఎవరితోనైనా పది నిమిషాలకి మించి మాట్లాడితే చిరునామా అడిగి రాసుకుంటాం. 14,567 అడుగుల ఎత్తున ఉన్న హిక్కిమ్ పోస్టాఫీసులో అందరికీ కార్డులు వేస్తాం. అదీ అక్టోబరు 1న వేయాలి. 1869లో ఆ రోజునే ఆస్ట్రియా–హంగరీలో ప్రపంచంలో మొట్టమొదటి పోస్టుకార్డు అమ్మకానికి వచ్చింది. నాలుగు ముక్కల కబురుకి కాయితం, కవరు, అంటింపు, ఇంత తతంగం ఎందుకని ఇమాన్యుయేల్ హెర్మాన్ అనే అర్థశాస్త్ర పంతులు పత్రికలో రాస్తే, చిత్రంగా తపాలా శాఖవాళ్లు విన్నారు. మనకి పదేళ్లు ఆలస్యంగా, 1879 జులై 1న వచ్చింది. వెల కాలణా. అంటే కాణీ. చేతిలో కాణీ లేదని వాపోయే దేశంలో ఆ కాణీకే కబురు వెళ్లింది.

లోనువాళ్లా?

మొదటి పరీక్ష పెన్‌గంగ దాటాక, పండర్‌కవడ దగ్గర టీ కొట్టులో ఎదురైంది. నడివయసు ఆవిడ అల్లం దంచుతూ పావుగంట మాట్లాడింది. కొడుకు పుణేలో ఉన్నాడు, పత్తి ఈసారి ఎలా ఉంటుందో తెలీదు, మీ బండి నంబరు మీద ఉన్న అక్షరాలేమిటి, అన్నీ అయ్యాయి. అప్పుడు డాక్టరు ఎంతో మర్యాదగా "మీ అడ్రసు చెప్తారా" అన్నాడు.

రోకలి ఆగింది. "లోనువాళ్లా?" అందావిడ.

నిజమే మరి. ఈ రోజుల్లో చిరునామా అడిగేవి రెండే జాతులు. ఒకరు పార్సిలు తెచ్చేవాళ్లు, రెండోవారు బాకీ వసూలుకి వచ్చేవాళ్లు. మా చేతిలో పార్సిలు లేదు. టీ డబ్బులిచ్చి మాట్లాడకుండా కారెక్కాం.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. ముందు కార్డు తీసి బల్ల మీద పెట్టడం, మాట ఆ తర్వాత. కాస్త వయసు మళ్లినవాళ్లయితే దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసేవారు. నాగపూర్ దాటాక ఒక పెట్రోలు బంకులో ఒకాయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఏమొచ్చిందో చెప్పలేదు గానీ, చిరునామా మాత్రం తన పెన్నుతో తనే రాసిచ్చాడు.

ఫోను నంబరు అడిగితే జనం ముభావంగా ఇస్తారు, కొందరు ఒక అంకె మార్చి ఇస్తారు. ఊరి చిరునామా అడిగితే మాత్రం బెంచీ మీద పక్కకి జరిగి చోటిస్తారు. రహదారి పక్కన బతికేవాళ్లలో చాలామందికి చిరునామా అంటే తామున్న చోటు కాదు, వదిలి వచ్చిన చోటు. దాన్ని చెప్పాలంటే ఊరి చెరువు దగ్గర మొదలుపెట్టాలి.

మా నోటుబుక్కు నిండుతున్నకొద్దీ మాస్టారు అందులో వ్యాకరణం వెతకడం మొదలెట్టాడు. మరాఠీ చిరునామా 'ముక్కాం పోస్టు'తో మొదలవుతుంది. పంజాబు లారీ డ్రైవరు 'పిండ్ తే డాక్‌ఖానా' అని ఒక్క ఊపిరిలో చెప్పాడు, ఊరూ పోస్టాఫీసూ ఒకటేనని అర్థం. బీహారు, జార్ఖండ్ వాళ్లకి గ్రామం, పోస్టు, థానా, జిల్లా. పోలీసు ఠాణా చెప్పందే ఊరు ఆనవాలు దొరకదన్నమాట. మనవాళ్లం కేరాఫ్, వయాల మనుషులం. మండలాలొచ్చి ఇన్నేళ్లయినా తాలూకా వదలనివాళ్లు ఇంకా ఉన్నారు. పిన్‌కోడ్ మాత్రం ఏ రాష్ట్రం వాళ్లకీ నోటికి రాదు. 1972 ఆగస్టు 15న మొదలైంది అది. దాని వెనకున్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా అధికారే కాదు, సంస్కృతంలో కవి కూడా. ఒకే పేరుతో పదేసి ఊళ్లుండే దేశంలో, తలా ఒక లిపిలో రాసే జనానికి ఆరంకెలు ఇచ్చి వెళ్లాడు. మొదటి అంకె 5 అయితే మన రెండు రాష్ట్రాలూ కర్ణాటకా. కవిగారు చేసిన లెక్క కాబట్టి మాస్టారు దాన్ని రెండుసార్లు సరిచూసి గానీ ఒప్పుకోలేదు.

సాగర్ దాటాక ధాబాలో నులక మంచం మీద ఒక తెలుగు గొంతు వినిపించింది. "ఏ ఊరండీ మనది?" గుంటూరు నుంచి మిర్చి టిక్కీలతో ఢిల్లీ వెళుతున్న లారీ. టార్పాలిన్ కప్పినా ఆ ఘాటు మా రోటీల దాకా వస్తోంది. అరగంట మాట్లాడాక కార్డు తీశాం. "నాకెందుకు సార్, నేను ఇంటికాడ ఉండేదెప్పుడు? మా పాపకి రాయండి, హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది" అన్నాడు. హాస్టలు చిరునామా మాత్రం పిన్‌కోడ్‌తో సహా గడగడా చెప్పాడు. మొత్తం ప్రయాణంలో పిన్‌కోడ్ కంఠతా వచ్చిన మనిషి ఆయనొక్కడే.

రోడ్డు బాగుందని రాయండి

ఢిల్లీని చుట్టు తిరిగి తప్పించుకున్నాం, దాని గురించి అంతకంటే చెప్పడానికి లేదు. నార్కండాలో ఆపిళ్ల రోజులు. రోడ్డు పొడుగునా పెట్టెలు, పెట్టెల మీద మేకుల చప్పుడు. పళ్లు సర్దే నేపాలీ దంపతులు తమ చిరునామా మూడు దేవనాగరి వరుసల్లో రాసి, నేపాల్ వెళ్లాలంటే ఈ యాభై పైసలు సరిపోతాయా అని అడిగారు. సరిపోవు. బ్యాంకు పర్సు తీసి స్టాంపుల లెక్క కాయితం మీద వేశాడు.

సిమ్లా నుంచి సట్లెజ్ లోయ పట్టుకుని వెళ్లే ఈ దారికి పాత పేరు హిందుస్థాన్–టిబెట్ రోడ్డు. 1850లో డల్హౌసీ గవర్నరు జనరలుగా ఉండగా మొదలైంది. టిబెట్‌తో వర్తకం ఒక కారణం, కొండవాళ్ల మీద పడ్డ వెట్టిమోత తప్పించడం ఇంకొకటి. మన బడి పుస్తకాల్లో ఆయన రాజ్యాలు కలుపుకున్నవాడు, రైళ్లు తెచ్చినవాడు. తపాలా తెచ్చిందీ ఆయన హయామే. 1854లో, అదీ అక్టోబరు 1నే, దేశమంతటికీ చెల్లే స్టాంపులు వచ్చాయి. అంతకుముందు దూరాన్ని బట్టి రుసుము. ఆ తర్వాత ఉత్తరం ఎంత బరువన్నదే లెక్క, ఎంత దూరమన్నది కాదు. మేం పోస్టుకార్డులు పట్టుకుని ఆయన వేయించిన దారినే ఎక్కుతున్నామని తరండా దగ్గర, కొండని సగం సొరంగంలా తొలిచిన చోట, గుర్తొచ్చింది. పక్కన నదికి అడ్డంగా ఏమీ లేదు. ఆ సమయంలో చరిత్ర గుర్తురావడం కూడా ఒక రకం భయమే. తరండా దేవి గుడి ముందు అన్ని బళ్లూ ఆగుతాయి, మాదీ ఆగింది. దేవుణ్ణి నమ్మని డాక్టరు అందరికంటే ముందు దిగాడు.

సట్లెజ్‌లో స్పితి నది కలిసే ఖాబ్ దాటితే పచ్చదనం సెలవు తీసుకుంటుంది. పైన నాకో అనే ఊరు. నాకో, నీకో అనుకుని నవ్వుకుంటూ చేరాం. సెప్టెంబరు 30. ఊరు దాటగానే మల్లింగ్ నాలా దగ్గర కొండచరియ రోడ్డు మీద కూర్చుంది. అక్కడ అది అలవాటేనట. అటు బళ్లు అటు, ఇటు బళ్లు ఇటు.

రోడ్డు తెరిపించే పనిలో ఉన్నవాళ్లందరూ జార్ఖండ్ మనుషులు. సరిహద్దు రోడ్ల పనికి సంతాల్ పరగణాల నుంచి, దుమ్కా వైపు నుంచి జనం ఏటా ఈ కొండలకి వస్తారు. మొహానికి గుడ్డ చుట్టుకున్న ఒక కుర్రాడు విశ్రాంతి వేళ మా కారు నీడకి వచ్చి కూర్చున్నాడు. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. వేళ్ల సందుల్లో సిమెంటులా గడ్డకట్టిన దుమ్ము. కార్డు చూపించి సంగతి చెప్పాం. చాలాసేపు ఆలోచించి ఇంటి చిరునామా చెప్పాడు, అమ్మ పేరు మీద. గ్రామం, పోస్టు, థానా, జిల్లా. పిన్‌కోడ్ తెలీదు. ఫోనులో చూద్దామంటే సిగ్నలు లేదు. వదిలేశాం.

"ఏం రాయమంటావు?"

"రోడ్డు బాగుందని రాయండి."

మా వెనక ముప్పై బళ్లు ఆగి ఉన్నాయి. ఎదురుగా లారీ అంత బండరాయి. మాస్టారు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. కుర్రాడు నవ్వలేదు. "రోడ్డు బాగుంది, తిండి బాగుంది, చలి ఎక్కువ లేదు" అని వరుసగా చెప్పాడు. రాశాం.

ఆ రాత్రి నాకోలో ఒక ఇంట్లో, పొయ్యి చుట్టూ కూర్చుని మిగతా కార్డులు మొదలెట్టాం. అప్పుడు చెప్పాడు బ్యాంకు. వాళ్ల నాన్నగారు ఊళ్లో సగం ఇళ్లకి ఉత్తరాలు చదివిపెట్టేవారు, జవాబులూ రాసిపెట్టేవారు. ఎవరొచ్చి ఏం చెప్పినా, పంట పోయినా, కోడలు పుట్టింటికి పోయినా, మొదటి వాక్యం మాత్రం ఒకటే: ఇక్కడ మేమంతా క్షేమం. కార్డుకి కవరు లేదు కదా. రాజాంలో సార్టింగు చేసేవాడి నుంచి అవతలి ఊరి తపాలా బంట్రోతు దాకా ఎవరైనా చదవచ్చు. అందుకని అందరూ చదివినా ఫరవాలేనిదే రాసేవారు, అసలుది మనిషి వచ్చినప్పుడు చెప్పుకునేవారు. చావు కబురు కార్డు వస్తే ఆయన గడప లోపలికి తీసుకెళ్లేవారు కాదు. వీధిలో నిలబడి చదివి అక్కడే చింపేసేవారు. మిగతావన్నీ గోడకి వేలాడే ఇనప తీగకి గుచ్చడమే. తీగ నిండితే మంచి ఏడాది.

డాక్టరు పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ "దుమ్కా కార్డు కూడా తీగకే గుచ్చుతారా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

కాజాలో సెలవు

కాజా అంటే మనకి తాపేశ్వరం. స్పితిలో అది తాలూకా కేంద్రం. దారిలో 996లో కట్టిన తాబో మఠం మట్టిగోడల మధ్య ఒక గంట కూర్చున్నాం. ఆ చీకటి గదుల్లో రంగులు అంతకాలం ఎలా నిలిచాయో ఇంకో వ్యాసానికి సరిపడా సంగతి. రోడ్డు మూత వల్ల అక్టోబరు 1 మా చేతిలోంచి జారిపోయింది. పోనీలే, ఒక రోజు తేడా అని కాజా నుంచి పదిహేను కిలోమీటర్లు పైకెక్కాం. ప్రతి మలుపుకీ ఊపిరి ఒక మెట్టు బరువైంది.

హిక్కిమ్‌లో ఒక తెల్లటి మట్టి ఇల్లు, ఎర్ర డబ్బా. పక్కనే పర్యాటకుల కోసం పోస్టుడబ్బా ఆకారంలో కట్టిన కొత్త భవనం. నా మటుకు ఆ పాత ఇల్లే బాగుంది. తలుపుకి తాళం.

తాళం కేసి చూసి, ఒకరినొకరు చూసుకుని, ముగ్గురం ఒకేసారి బ్యాంకు కేసి తిరిగాం. ముప్పైఅయిదేళ్లు బ్యాంకు సెలవుల జాబితా గోడకి తగిలించుకుని బతికిన మనిషి. అక్టోబరు 2, గాంధీ జయంతి.

"ఏట్రా ఇది!" అన్నాడు డాక్టరు, ఆయాసపడుతూనే.

వెనక్కి కాజా, మర్నాడు మళ్లీ పైకి. ప్రపంచంలో అతి ఎత్తైన పోస్టాఫీసని పేరున్న చోటు ఇది. టిబెట్ వైపు ఎవరెస్టు బేస్ క్యాంపులో చైనా తపాలా వాళ్లది ఇంకా ఎత్తన్న వాదనా ఉంది. ఆ పోటీ మీద నాకు ఆసక్తి లేదు. నాకు నచ్చింది దీని పిన్‌కోడ్, 172114. ఇది 1983లో ఊరివాళ్ల కోసం పెట్టిన పోస్టాఫీసు, మాలాంటివాళ్ల కోసం కాదు. పొదుపు ఖాతాలు, చుట్టుపక్కల ఊళ్ల ఉత్తరాలు దీని అసలు పని. సంచీ ఇక్కడి నుంచి కాజాకి కాలినడకన దిగుతుంది, అక్కడి నుంచి బస్సులో రికాంగ్‌పియోకి, ఆ తర్వాత మైదానాలకి. మంచు బాగా పడితే అదీ ఆగుతుంది.

పోస్టుమాస్టరు గారు మా నలభై మూడు కార్డులూ ముందు బల్ల మీద సర్దుకున్నారు. ముద్రని సిరా మెత్త మీద రెండుసార్లు అద్ది, ముందు ఒక పాత కాయితం మీద కొట్టి చూశారు. బ్యాంకు నా చెవిలో "చూశావా, మొదటి దెబ్బ ముద్దగా పడుతుంది, నాన్న కూడా అంతే" అన్నాడు. తర్వాత ఒకే తాళం. ఠప్, పక్కకి, ఠప్, పక్కకి. వాడు ప్రతి దెబ్బకీ తలాడిస్తూ నిలబడ్డాడు. నలభై మూడో కార్డు వాడు ఎవరికీ చూపించకుండా రాసుకున్నది. దాని మీద రాజాం వయా చూసి నేనూ అడగలేదు.

తిరుగు టపా

డిసెంబరు లోపు తొమ్మిది జవాబులు వచ్చాయి. పెట్రోలు బంకాయన రెండు కార్డులు రాశాడు, ఒకటి చాలక. నేపాలీ దంపతులు తమ ఊరు చేరుకున్నామని చెప్పారు. పండర్‌కవడ టీ కొట్టావిడకి తిరుగు దారిలోనే మా మీద నమ్మకం కుదిరింది. "లోనువాళ్లొచ్చారు" అని నవ్వి, కొడుకు చేత ఫోనులో చిరునామా చెప్పించింది. హైదరాబాద్ వచ్చాక ఆవిడకీ ఒకటి వేశాం.

మిర్చి లారీ ఆయన జవాబు రాయలేదు, ఫోను చేశాడు. ఆడపిల్లల హాస్టలుకి అరవై ఏళ్ల మగాళ్లు నలుగురు సంతకాలు పెట్టి 'మీ నాన్నగారిని సాగర్‌లో కలిశాం, బాగా చదువుకో' అని కార్డు రాస్తే ఏమవుతుందో మాకు తట్టనే లేదు. వార్డెన్ చదివింది. వంటావిడ చదివింది. పిల్లని ఆఫీసు గదికి పిలిచి వీళ్లెవరని అడిగారు. తండ్రికి కబురు వెళ్లింది, ఆయన గ్వాలియర్‌లో బండి ఆపి అరగంట సర్దిచెప్పుకోవాల్సొచ్చింది. మేం నలుగురం తలా ఒకసారి క్షమాపణ చెప్పుకున్నాం. "పర్లేదండీ, ఇప్పుడా కార్డు నోటీసు బోర్డుకి గుచ్చారంట" అన్నాడాయన.

దుమ్కా నుంచి ఏమీ రాలేదు. వెనక్కీ తిరిగి రాలేదు. కార్డు మీద మా చిరునామా స్పష్టంగానే రాశాం.

జనవరిలో ఒక సాయంత్రం బ్యాంకు మా ఇంటికి వచ్చి ఒక ఇన్‌లాండ్ లెటరు బల్ల మీద పెట్టాడు. వాడు రాసిన నలభై మూడో కార్డు వాళ్ల నాన్నగారు పనిచేసిన పోస్టాఫీసుకి, 'బ్రాంచి పోస్టుమాస్టరు గారికి' అని. ఇప్పుడక్కడ ఉన్నది ఇరవై మూడేళ్ల అమ్మాయి, ఊరు అనంతపురం జిల్లా. పదో తరగతి మార్కుల మీద ఉద్యోగం వస్తే ఎక్కడో రాజాం పక్కకి వచ్చింది. ముత్యాల్లాంటి దస్తూరి. చేరి ఏడాదిన్నరయిందట. ఖాతాలు తెరవడం, డబ్బులు వేయడం, తీయడం తప్ప తన పేరునో హోదానో పెట్టి ఇంతవరకూ ఒక్క ఉత్తరమూ రాలేదట, ఇదే మొదటిదట. మీ నాన్నగారు నాకు తెలియదు గానీ ఊళ్లో ముసలివాళ్లకి గుర్తున్నారు, చదివిపెట్టేవారని చెప్పారు అని రాసింది. ఆఫీసు ఇప్పుడు గుడి పక్క గదిలోకి మారింది. ముద్ర మాత్రం పాతదే.

చివర్లో చిన్న సందేహం అడిగింది. 'అచ్చుల్లో 7 లేదండీ. 7, 17, 27 తేదీల్లో పెన్నుతో దిద్దుతున్నాం. ఎప్పుడు పోయిందో ఇక్కడ ఎవరికీ తెలియదు. మీ నాన్నగారి కాలంలో ఉండేదా?'

బ్యాంకు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"బడిలో పిల్లలకి చూపిద్దామని నిక్కరు జేబులో వేసుకెళ్లానురా. చెరువులో ఈతకి దిగాం. జేబుకి చిల్లుంది" అన్నాడు. "నాన్న అడిగితే ఎలక ఎత్తుకుపోయిందని చెప్పాను. ఆయన ఆ నెల నుంచి చేత్తో దిద్దారు, ఏడో తారీఖున."

కాసేపు ఫ్యాను కేసి చూసి, "ఆ కట్టలో ఇంకా ఎన్నున్నాయి?" అని అడిగాడు.

యాభై ఆరున్నాయన్నాను. ఒకటి ఇవ్వమని చెయ్యి చాపాడు.